క్రయపత్రంలో లేని సంతకం

ఢిల్లీ లేఖ

రాజధానిలో శాంతిపథ్ అనే విశాలమైన రాజమార్గం ఒకటి ఉన్నది. పలు దేశాల రాయబార కార్యాలయాలు దానికి ఇరువైపులా బారులు తీరి కనిపిస్తవి. అమెరికా రాయబార కార్యాలయం కూడా అక్కడే ఉన్నది. 1956లో ఆ దేశపు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ దానికి శంకుస్థాపన చేయగా, 1959 జనవరిలో ప్రారంభోత్సవం జరిగినది. ఆ ప్రాంతంలోనే మాల్చా మార్గ్ అనే వీధి కలదు. మాల్చా అన్నది ఒకప్పటి పల్లె పేరు. 1911లో రాజధానిని కలకత్తానుంచి ఢిల్లీకి మార్చాలని నిర్ణయించిన పిమ్మట, 1894 నాటి భూసేకరణ చట్టం కింద బ్రిటిష్ ప్రభుత్వం ఆ పల్లె పొలాలను తీసుకొన్నది. పల్లె పోయినది. పేరు మాత్రం వీధి పలక మీద మిగిలినది.

పొలాన్ని కొనడం వేరు, దేశాన్ని కొనడం వేరు. పొలానికి పట్టాదారు ఉంటాడు. ధర నచ్చితే అమ్ముతాడు, నచ్చకపోతే కోర్టుకెక్కుతాడు. ఓడినా, కాగితం మీద అతని పేరైనా ఉంటుంది. మరి దేశానికి పట్టాదారు ఎవరు? దానిని అమ్మే హక్కు ఎవరిది? గ్రీన్‌లాండ్ పుణ్యమా అని ఈ పాత ప్రశ్న ప్రపంచ రాజధానులన్నిటిలో మళ్ళీ వినిపించినది.

2019 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు శ్రీ డొనాల్డ్ ట్రంప్ గ్రీన్‌లాండ్‌ను కొనాలన్న ఆలోచన బయటపెట్టినప్పుడు, అది అసంబద్ధమని డెన్మార్క్ ప్రధాని శ్రీమతి మెట్టే ఫ్రెడరిక్సన్ కొట్టిపారవేశారు. శ్రీ ట్రంప్ ఆగ్రహించి కోపెన్‌హేగన్ పర్యటననే రద్దు చేసుకొన్నారు. అప్పట్లో చాలామంది దానిని హాస్యంగా తీసుకొన్నారు. కాని 2025 జనవరిలో, రెండవసారి పదవి చేపట్టడానికి ముందే, ఆ ద్వీపం విషయంలో బలప్రయోగం ఉండదని హామీ ఇవ్వడానికి ఆయన నిరాకరించారు. 2026 జనవరిలో వ్యవహారం ఐరోపా దేశాల మీద సుంకాల బెదిరింపు దాకా పోయి, దావోస్‌లో బలప్రయోగం చేయబోనని ఆయన ప్రకటించిన తరువాత కొంత చల్లబడినది. దీనిని ఇక హాస్యమని ఎవరూ అనలేరు.

ఎక్కడి గ్రీన్‌లాండ్, ఎక్కడి గోదావరి, మనకేమిటి సంబంధం అని పాఠకులు అడగవచ్చు. సంబంధం ఉన్నది. శ్రీకాకుళంనుంచి గుంటూరువరకు గల తెలుగుగడ్డ కూడా ఒకానొకప్పుడు వడ్డీ లెక్క కట్టి, రొక్కానికి బేరమాడి కొన్న సరుకే. ఆ బేరం పూర్తి అయిన సంవత్సరం 1823. మన పాఠ్యపుస్తకాలు దానిని ఒక్క వాక్యంలో దాటివేస్తవి. దానిని కొంచెం నిదానంగా చూడవలసిన సమయం వచ్చినది.

అమెరికా ఖాతా పుస్తకం

ముందుగా అమెరికా సంగతి చూద్దాము. ఆ దేశ విస్తరణలో తుపాకికి ఎంత పాత్ర ఉన్నదో డబ్బు సంచికీ అంత పాత్ర ఉన్నది. 1803లో అధ్యక్షుడు జెఫర్సన్ దూతలుగా లివింగ్‌స్టన్, మన్రో పారిస్‌లో బేరానికి దిగినది ఒక్క న్యూ ఆర్లియన్స్ రేవుకోసం, దాని పరిసరాలకోసం. నెపోలియన్ మొత్తం లూసియానా తీసుకొమ్మన్నాడు. హైతీలో బానిసల తిరుగుబాటు ముందు అతని సైన్యం చితికిపోయినది. ఇంగ్లండుతో మళ్ళీ యుద్ధం ముంచుకువస్తున్నది. డబ్బు కావలెను. 1 కోటీ 50 లక్షల డాలర్లకు సుమారు 8 లక్షల 28 వేల చదరపు మైళ్ళు చేతులు మారినవి. ఎకరానికి మూడు సెంట్లు కూడా పడలేదు. విచిత్రమేమంటే, ఫ్రాన్సుతో యుద్ధానికి దిగిన ఇంగ్లండు దేశపు బేరింగ్ బ్యాంకే, ఆమ్‌స్టర్‌డామ్‌లోని హోప్ సంస్థతో కలిసి ఆ సొమ్మును సమకూర్చినది.

అమ్మినవాడి హక్కు కూడా అంత నికరమైనది కాదు. లూసియానాను ఫ్రాన్సుకు ఇచ్చినది స్పెయిన్. దానిని మరొకరికి ఇవ్వబోమని ఫ్రాన్సు స్పెయిన్‌కు మాట ఇచ్చి ఉన్నది. కొనేవాడికీ సంశయం లేకపోలేదు. భూభాగాన్ని కొనే అధికారం రాజ్యాంగంలో ఎక్కడా వ్రాసి లేదని జెఫర్సనే మధనపడ్డాడు. అయినా అవకాశం జారిపోతుందన్న భయమే గెలిచినది. సెనేట్ 24-7 ఓట్లతో ఆమోదించినది.

ఆ తరువాత దారి పడినది. 1819 ఒప్పందంతో ఫ్లారిడా వచ్చినది. అందుకు బదులుగా స్పెయిన్ మీద అమెరికా పౌరులకు గల 50 లక్షల డాలర్ల దావాలను తీర్చే భారం అమెరికా తన నెత్తిన వేసుకొన్నది. 1848లో మెక్సికోను యుద్ధంలో ఓడించి, రాజధానిని ఆక్రమించి, దాని ఉత్తర భాగాన్ని లాగుకొని, చేతిలో 1 కోటీ 50 లక్షల డాలర్లు పెట్టారు. 1853లో మరో ముక్కకు 1 కోటి. 1867లో రష్యానుంచి అలాస్కా, 72 లక్షలకు. 1898లో స్పెయిన్‌నుంచి ఫిలిప్పీన్స్, 2 కోట్లకు. 1917లో డెన్మార్క్‌నుంచి వర్జిన్ దీవులు, 2 కోట్ల 50 లక్షల బంగారు డాలర్లకు. 1946లో ట్రూమన్ ప్రభుత్వం గ్రీన్‌లాండ్‌కు 10 కోట్ల డాలర్లు ఇవ్వజూపగా డెన్మార్క్ ఒప్పుకొనలేదు. కనుక శ్రీ ట్రంప్ కోరిక కొత్తది కాదు. పాత ఖాతాలో జమకాని పద్దు అది.

ఈ కొనుగోళ్ళలో అమెరికాకు నిజంగా దక్కినది ఏమిటి? లూసియానాలో నివసిస్తున్న ఆదివాసి జాతులకు ఆ విక్రయంతో ప్రమేయమే లేదు. వారితో ఆ తరువాత ఒడంబడికలు, బలవంతపు సంతకాలు, యుద్ధాలు దశాబ్దాలపాటు సాగినవి. అంటే 1803లో అమెరికా కొన్నది భూమిని కాదు. ఇతర ఐరోపా రాజ్యాలు అడ్డురాకుండా ఆ భూమిని తానొక్కతే లాగుకొనే హక్కును. ఈ సంగతిని ఆ దేశపు సుప్రీంకోర్టే చట్టంగా మార్చినది. ఒక భూవివాదంలో ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ తీర్పు చెబుతూ, ఆదివాసులకు ఆ నేల మీద నివసించే హక్కు తప్ప తమకు నచ్చినవారికి దానిని అమ్మే హక్కు లేదనీ, వారినుంచి కొనే హక్కు నేలను 'కనుగొన్న' రాజ్యానికీ, దాని వారసులకూ మాత్రమే ఉన్నదనీ నిర్ణయించాడు. ఆ తీర్పు వెలువడిన సంవత్సరం 1823. సర్కారు జిల్లాల బేరం ముగిసిన సంవత్సరమూ అదే.

సర్కారుల బేరం

ఉత్తర సర్కారులంటే చికాకోలు, రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి, గుంటూరు. 1753లో హైదరాబాదు సుబేదారు సలాబత్ జంగ్ తనను కాపాడుతున్న ఫ్రెంచి సేనాని బుస్సీకి, సైన్యం జీతాలకోసం, గుంటూరు తప్ప మిగతావాటిని వ్రాసి ఇచ్చాడు. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారు ఓడినారు. 1759 ఏప్రిల్‌లో బందరు కోట ఇంగ్లీషువారి వశమైనది. ఇంగ్లీషువారికి గడ్డ చిక్కినది. కావలసినది ఒక్క కాగితం.

ఆ కాగితం ఢిల్లీ పాదుషా పేరు మీద వచ్చినది. 1765 ఆగస్టు 12న మొగలాయి చక్రవర్తి రెండవ షా ఆలం సర్కారులను కంపెనీకి దయచేస్తూ ఫర్మానా ఇచ్చాడు. అదేనాడు బెంగాల్ దివానీ కూడా ఇచ్చాడు. చక్రవర్తి అప్పుడు ఢిల్లీలో లేడు. అలహాబాదులో కంపెనీ నీడన తలదాచుకొంటున్నాడు. తన ఎర్రకోటలో అడుగు పెట్టడానికి అతనికి 1772వరకు వీలు కాలేదు. సొంత నగరంలోకి పోలేని పాదుషా, తన మాట చెల్లని దక్షిణాపథంలోని తెలుగు జిల్లాలను, తనను పోషిస్తున్న వర్తక సంఘానికే దానం చేశాడన్న మాట. చట్టరీత్యా దానపత్రం మాత్రం నిర్దుష్టం.

హైదరాబాదులో నిజాం అలీఖాన్ మండిపడ్డాడు. తనను అడగకుండా తన రాజ్యంలో ముక్కను ఎవరో ఎవరికో ఇవ్వడమేమిటని యుద్ధానికి సన్నద్ధుడైనాడు. మద్రాసు ప్రభుత్వం బేరానికి దిగినది. ఆ మంతనాలలో దుబాసీ కాండ్రేగుల జోగిపంతులు మధ్యవర్తిగా వ్యవహరించాడు. 1766 నవంబరు 12న హైదరాబాదులో సంధి కుదిరినది. కంపెనీ నిజాముకు అవసరమైనప్పుడు సైన్యం పంపాలి. పంపనక్కరలేని సంవత్సరం 9 లక్షల రూపాయలవరకు చెల్లించాలి. 1768లో మరో సంధి. గుంటూరు సర్కారు నిజాము తమ్ముడు బసాలత్ జంగ్ జీవితకాలంపాటు అతని కింద ఉండి, 1782లో అతను మరణించిన తరువాత, 1788లో కంపెనీకి చేరినది. పేష్కషు చివరకు ఏటా 7 లక్షలవద్ద నిలిచినది. అంటే అప్పటికి ఇది కొనుగోలు కాదు, కౌలు.

కౌలు క్రయంగా ఎలా మారినదన్నది అసలు కథ. నిజాం సికందర్ జా కాలంలో, పేష్కారు చందూలాల్ పాలనలో, విలియం పామర్ కంపెనీ అనే వడ్డీ వ్యాపార సంస్థ హైదరాబాదులో వేళ్ళూనినది. కంపెనీ సైనికాధికారుల ఆధ్వర్యంలోని పటాలాల జీతాలకోసం నిజాం ప్రభుత్వం ఆ సంస్థవద్ద అధిక వడ్డీకి అప్పులు చేసినది. బ్రిటిషువారు స్వదేశీ సంస్థానాధీశులకు అప్పులివ్వరాదని చట్టం ఉన్నా, 1816లో గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ప్రభువు పామర్ సంస్థకు మినహాయింపు ప్రసాదించాడు. ఆ సంస్థలో ఒక భాగస్వామియైన సర్ విలియం రంబోల్డ్ భార్య గవర్నర్ జనరల్ సంరక్షణలో పెరిగిన వనిత. 1820లో 60 లక్షల రూపాయల కొత్త అప్పు తలకెక్కినది. ఆ ఏడే రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్కాఫ్ ఈ గుట్టును బయటపెట్టాడు. అంతకుముందు ఢిల్లీలో రెసిడెంటుగా పనిచేసి, దర్బారుల సంగతి ఆకళింపు చేసుకొన్నవాడు అతను.

అప్పు తీర్చే ఉపాయంగా పేష్కషు ముందుకు వచ్చినది. ఏటేటా ఇచ్చే 7 లక్షలకు బదులు ఒక్కసారే 1 కోటీ 16 లక్షల 66 వేల 666 రూపాయలు ఇచ్చి, నిజాముకు సర్కారుల మీద గల హక్కును కంపెనీ శాశ్వతంగా కొనివేసినది. లెక్క చూడండి. నూటికి ఆరు వడ్డీ చొప్పున ఏటా 7 లక్షలు రావాలంటే ఎంత అసలు కావాలో సరిగ్గా అంత సొమ్ము అది. కృష్ణా గోదావరి డెల్టాలు, విశాఖ తీరం, బందరు రేవు, కొండపల్లి కోట, లక్షలాది రైతులు, చేనేతవారు అన్నీ కలిసి ఒక వడ్డీ లెక్కలో ఇమిడిపోయినవి. ఆ సొమ్ము కూడా పామర్ సంస్థ బాకీ కిందకే పోయినది. అమ్మినవాడికి దక్కినది అప్పునుంచి విముక్తి. అదీ ఎన్నాళ్ళో నిలవలేదు. ముప్ఫయి ఏళ్ళు తిరిగేసరికి పటాలాల బాకీ మళ్ళీ పెరిగి, 1853లో బీరారు కంపెనీ చేతికి పోయినది.

మరి సర్కారుల ప్రజలు? వారి అభిప్రాయం ఎవరికీ అవసరపడలేదు. తన రాజ్యం తనదేనన్న విజయనగరం ప్రభువు విజయరామరాజు 1794 జూలై 10న పద్మనాభం యుద్ధంలో నేలకొరిగాడు. 1802నుంచి శాశ్వత పైసలా అమలులోకి రాగా, హవేలీ భూములను ముఠాలుగా విడగొట్టి వేలం వేశారు. టోకుగా కొన్న సరుకును చిల్లరగా అమ్మడమన్న మాట. 1823 బేరం జరిగిన పదేళ్ళలోపే నందన నామ సంవత్సరపు కరువు వచ్చిపడినది. డొక్కల కరువు అని మన పెద్దలు పిలుచుకొన్నది దానినే. గుంటూరు జిల్లాలో సుమారు 5 లక్షల జనాభాలో 2 లక్షలమంది వరకు నశించినట్లు అంచనా. కొన్నవాడు శిస్తు హక్కును కొన్నాడు గాని, ప్రాణాలను కాపాడే బాధ్యతను కొనలేదు. శిస్తు రాబడి పడిపోయిన తరువాతనే ప్రభుత్వానికి నీటిపారుదల సంగతి తట్టినది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తి అయినది. ఆ మేలును కాదనరాదు. అయితే మేలు జరుగుతుందా కీడు జరుగుతుందా అన్నది కొన్నవాడి చిత్తం మీద ఆధారపడడమే అసలు కీడు.

తుంగభద్రకు దక్షిణాన ఉన్న జిల్లాల కథ ఇంకా సూటిగా ఉంటుంది. 1800 అక్టోబరులో నిజాం తన రక్షణకు ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చు కింద వాటిని వదలుకొన్నాడు. అప్పటినుంచి వాటి పేరే దత్తమండలాలు. ఇచ్చివేసిన నేల అన్నమాట! 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచించిన రాయలసీమ అనే పేరు నిలిచేవరకు, అక్కడి ప్రజలు పత్రంలోని మాటనే తమ చిరునామాగా మోయవలసి వచ్చినది.

డెబ్భై అయిదు లక్షల కాశ్మీరు

ఢిల్లీలో నివసించేవారికి ఇంకొక క్రయపత్రం అనుదినం గుర్తుకు రాకతప్పదు. మొదటి సిక్కు యుద్ధంలో ఓడిన లాహోరు దర్బారు మీద 1846 మార్చిలో కంపెనీ కోటిన్నర రూపాయల పరిహారం విధించినది. దర్బారువద్ద అంత సొమ్ము లేదు. అందులో కోటి రూపాయలకింద కాశ్మీరుతోసహా కొండప్రాంతాలను కంపెనీ తీసుకొన్నది. వారం తిరిగేసరికి, మార్చి 16న, అమృతసర్ సంధి ద్వారా 75 లక్షల నానక్‌షాహీ రూపాయలకు ఆ నేలను జమ్మూ రాజు గులాబ్‌సింగుకు అప్పగించినది. సాలుకు ఒక గుర్రం, పన్నెండు శాలువ మేకలు, మూడు జతల కాశ్మీరు శాలువలు కానుక. పత్రంలో మేకలకు కూడా స్థానం దొరికినది గాని, కాశ్మీరీలకు దొరకలేదు. సరిగ్గా నూరేళ్ళ తరువాత, 1946లో, షేక్ అబ్దుల్లా క్విట్ కాశ్మీర్ ఉద్యమం లేవదీసినప్పుడు ఆయన ప్రశ్నించినది ఈ అమ్మకం కాగితాన్నే. ఆయనకు మద్దతుగా వెళ్ళిన జవహర్‌లాల్ నెహ్రూను మహారాజు ప్రభుత్వం నిర్బంధించినది. ఒక విక్రయపు కాగితం శతాబ్దం తరువాత కూడా ఎంత రాజకీయాన్ని రగిలించగలదో దీనివల్ల తెలుస్తున్నది.

ఈ బేరాలన్నిటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే పోలిక కనబడుతుంది. అమ్మినవాడు అప్పుల్లోనో యుద్ధ సంకటంలోనో ఉంటాడు. నెపోలియన్, క్రిమియా యుద్ధంలో దెబ్బతిన్న రష్యా, సికందర్ జా, లాహోరు దర్బారు అందరూ అంతే. అమ్మినవాడి హక్కు చాలాసార్లు సందేహాస్పదం. షా ఆలం సర్కారులను ఇచ్చిన తీరుకూ, స్పెయిన్‌కు ఇచ్చిన మాట తప్పి నెపోలియన్ లూసియానాను అమ్మిన తీరుకూ పెద్ద తేడా లేదు. ఇక మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: ఆ నేల మీద బ్రతికేవారి సంతకం ఏ పత్రం మీదా ఉండదు.

యుద్ధంకంటె కొనుగోలు మేలు కాదా అని వాదించేవారు ఉన్నారు. రక్తం చిందకుండా సరిహద్దు మారితే తప్పేమిటని వారి ప్రశ్న. చరిత్ర ఆ వాదానికి మద్దతు ఇవ్వదు. 1898 డిసెంబరులో స్పెయిన్‌కు 2 కోట్ల డాలర్లు ఇచ్చి అమెరికా ఫిలిప్పీన్స్‌ను కొన్నది. అప్పటికి ఆరు నెలల క్రిందటనే, జూన్ 12న, ఫిలిపినోలు స్వాతంత్ర్యం ప్రకటించుకొని ఉన్నారు. ఫలితంగా 1899 ఫిబ్రవరిలో యుద్ధం మొదలై ఏళ్ళ తరబడి సాగినది. అంటే కొనుగోలు యుద్ధాన్ని తప్పించలేదు, కొని తెచ్చినది. అలాస్కా సంగతి మరొకటి. 1867లో రష్యాకు ఇచ్చినది 72 లక్షల డాలర్లు. అక్కడి ఆదివాసుల హక్కుల లెక్క 104 ఏళ్ళు వాయిదా పడి, 1971లో చట్టం చేసి పరిష్కరించేటప్పుడు వారికి 4 కోట్ల 40 లక్షల ఎకరాలు, 96 కోట్ల 25 లక్షల డాలర్లు ఇవ్వవలసి వచ్చినది. నిజమైన హక్కుదారుకు ఇవ్వవలసిన సొమ్మును మొదటి రోజున ఎగవేస్తే, చివరి రోజున వడ్డీతో కట్టక తప్పదు.

అమ్మడం మానిన దేశం

ఈ వెలుగులో డెన్మార్క్‌ను చూడడం ఆసక్తికరం. డెన్మార్క్ నేడు గ్రీన్‌లాండ్ అమ్మకానికి లేదంటున్నది గాని, ఒకప్పుడు అదీ అమ్మిన దేశమే. తమిళ తీరంలోని తరంగంబాడిని, బెంగాల్‌లోని శ్రీరాంపూరును 1845లో 12 లక్షల 50 వేల రూపాయలకు ఈస్టిండియా కంపెనీకి అమ్మినది ఆ దేశమే. 1917లో వర్జిన్ దీవులను అమెరికాకు అమ్మినప్పుడు డెన్మార్క్‌లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినది. దీవుల ప్రజలకు మాత్రం అందులో ఓటు లేదు. ఆ బేరంలో భాగంగానే, గ్రీన్‌లాండ్ అంతటిమీద డెన్మార్క్ అధికారం విస్తరించడానికి తమకు అభ్యంతరం లేదని అమెరికా విదేశాంగ మంత్రి లాన్సింగ్ వ్రాతపూర్వకంగా తెలియజేశాడు. నాడు ఒప్పుకొన్న హక్కును నేడు కాదనడం ఎలా కుదురుతుందో వాషింగ్టన్ చెప్పవలసి ఉన్నది.

అమ్మే దేశం అమ్మనని ఎందుకన్నది? మంచితనంవల్ల మాత్రమే కాదు. మధ్యలో 1945 వచ్చినది. ఐక్యరాజ్యసమితి నిబంధనావళిలో ప్రజల స్వయంనిర్ణయ సూత్రం చేరినది. 2009 స్వపరిపాలనా చట్టం గ్రీన్‌లాండ్ ప్రజలను అంతర్జాతీయ చట్టం ప్రకారం ఒక ప్రత్యేక ప్రజగా గుర్తించి, స్వాతంత్ర్యం విషయంలో నిర్ణయాన్ని వారికే వదిలినది. కనుక కోపెన్‌హేగన్ అమ్మదలచినా అమ్మజాలదు. 21 లక్షల చదరపు కిలోమీటర్ల మంచుగడ్డ మీద ఉన్నది సుమారు 57 వేలమందే కావచ్చు. ఒక మాదిరి తాలూకా జనాభా కూడా కాదు. కాని సూత్రం తలలను లెక్కపెట్టి మారదు. అమెరికాకు అక్కడ సైనిక స్థావరం 1951 ఒప్పందంనుంచీ ఉన్నది. రక్షణే కావలెనంటే ఆ ఒప్పందం చాలును, హక్కుపత్రం అక్కరలేదు.

సూత్రం పుట్టినంతమాత్రాన లోకం మారిందనుకోవడం అమాయకత్వం. మన సముద్రంలోనే దృష్టాంతం ఉన్నది. 1965లో బ్రిటన్ మారిషస్‌కు 30 లక్షల పౌండ్లు ఇచ్చి చాగోస్ దీవులను విడదీసినది. అందులోని డీగో గార్షియాను స్థావరంకోసం అమెరికాకు ఇచ్చి, ప్రతిగా పొలారిస్ క్షిపణుల కొనుగోలులో 1 కోటీ 40 లక్షల డాలర్ల తగ్గింపు పొందినది. దీవులలోని ప్రజలనందరినీ 1973 నాటికి వెళ్ళగొట్టారు. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం బ్రిటన్ చర్యను తప్పుపట్టినది. ఆ ఏడు మే నెలలో సమితి సాధారణ సభలో మారిషస్ పక్షాన ఓటు వేసిన 116 దేశాలలో భారత్ ఒకటి. 2025 మే 22న బ్రిటన్, మారిషస్ ఒప్పందం మీద సంతకాలు చేసినవి. దీవుల సార్వభౌమత్వం మారిషస్‌కు, స్థావరం 99 ఏళ్ళ కౌలుకు. న్యూఢిల్లీ హర్షించినది. కాని ఈసారి కూడా తమను ఎవరూ అడగలేదని చాగోస్ నిర్వాసితులు పలువురు మొత్తుకొన్నారు. సంతకం లేని పత్రాల కాలం ముగియలేదనడానికి ఇంతకంటె నిదర్శనం ఏమి కావలెను?

మన ఇంటి సంగతి

ఇతరులకు నీతి చెప్పేముందు మన చరిత్రను మనం పరీక్షించుకోవాలి. ఇందులో భారత్ తలెత్తుకోదగిన ఘట్టాలు ఉన్నవి. 1958లో నెహ్రూ, పాకిస్తాన్ ప్రధాని నూన్ కుదుర్చుకొన్న ఒడంబడికలో బేరూబారీలో సగం పాకిస్తాన్‌కు ఇవ్వాలన్న అంశం ఉన్నది. రాజ్యాంగ సవరణ లేకుండా భూభాగాన్ని పరదేశానికి ఇవ్వరాదని 1960లో సుప్రీంకోర్టు స్పష్టం చేసినది. జెఫర్సన్ సంశయించి దాటవేసిన ప్రశ్నకు మన న్యాయస్థానం సూటిగా జవాబు చెప్పినదన్న మాట.

ఫ్రెంచి స్థావరాల విలీనం మరొక ఘట్టం. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వాన యానాం ఫ్రెంచి పాలననుంచి బయటపడినది. అదే సంవత్సరం అక్టోబరు 18న పుదుచ్చేరి సమీపాన కీళూరులో ఫ్రెంచి స్థావరాల ప్రజాప్రతినిధులు 178 మంది సమావేశమై, 170 మంది విలీనానికి ఓటు వేశారు. ప్రజలందరూ నేరుగా ఓటు వేయలేదన్న మాట నిజమే. అయినా పత్రంకంటె ముందు ప్రజాప్రతినిధుల మాట వచ్చినది. ఎవరూ ఎవరికీ ధర చెల్లించలేదు. యానాం మన పక్కనే ఉన్నది. పెద్దాపురం తాలూకా గ్రామాలు వడ్డీ లెక్కలో పోయిన నేల మీదనే, నూటముప్ఫయి ఏళ్ళ తరువాత, ఇంకొక పద్ధతి సాధ్యమని అది చూపినది.

2015లో పార్లమెంటు నూరవ రాజ్యాంగ సవరణను ఆమోదించి బంగ్లాదేశ్‌తో భూసరిహద్దు సమస్యను తీర్చినది. 111 భారతీయ ఖండికలు అటు, 51 ఇటు మారినవి. ఏ దేశ పౌరసత్వం కావాలో ఎంచుకొనే స్వేచ్ఛ వాటిలోని ప్రజలకు ఇచ్చారు. ఇటు చేరిన ఖండికలలోని సుమారు 14 వేలమందీ భారత పౌరసత్వాన్నే కోరుకొన్నారు. అటునుంచి వెయ్యిలోపు మంది ఇటు తరలివచ్చారు. నేల ఎటు పోవాలో వారు నిర్ణయించలేదు గాని, తాము ఎటు పోవాలో నిర్ణయించుకొన్నారు. 1823తో పోల్చితే అది చిన్న ముందడుగు కాదు.

తలవంచుకోవలసిన ఘట్టాలూ లేకపోలేదు. 2014లో పోలవరం ముంపు కారణంగా ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ప్రాంతాన్ని ముందు ఆర్డినెన్సు ద్వారా, తరువాత చట్టం ద్వారా ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. అది ఒకే దేశంలోని రెండు రాష్ట్రాల మధ్య మార్పు. పార్లమెంటుకు ఆ అధికారం నిస్సందేహంగా ఉన్నది. ప్రాజెక్టు అవసరమా కాదా అన్నది ఇక్కడ చర్చ కాదు. కాని అక్కడి కోయలు, కొండరెడ్లు ఏ రాష్ట్రంలో ఉండదలచారో తెలుసుకోవడానికి ఓటింగు జరగలేదు. చట్టబద్ధత వేరు, సమ్మతి వేరు. షా ఆలం ఫర్మానా కూడా చట్టబద్ధమే.

గ్రీన్‌లాండ్ వివాదం వాణిజ్యమో రక్షణయో అయిన అమెరికా, ఐరోపాల తగవు అని భావించి మౌనం వహించడం మన విదేశాంగ శాఖకు తేలిక. సుంకాల చర్చలు, ఆయుధాల ఒప్పందాలు, అక్కడ స్థిరపడిన లక్షలాది తెలుగువారి వీసాల చిక్కులు వాషింగ్టన్‌తో జాగ్రత్తగా మెలగమని హెచ్చరిస్తవనడంలో సందేహం లేదు. అయినా ఒక్క మాట చెప్పడానికి భయపడనక్కరలేదు. సాధారణ సభలో చాగోస్ విషయంలో మనం ఓటు వేసి చెప్పిన మాటే అది. నేల మీద నివసించే ప్రజల సమ్మతి లేనిదే, ఎంత ధర పలికినా, ఆ నేల అమ్మకపు సరుకు కాదు. ఆ మాట అనడానికి భారత్‌కు ఉన్నంత హక్కు మరొక దేశానికి లేదు. ఎందుకంటే ఆ ధర ఎంతో, దానిని ఎవరు పుచ్చుకొన్నారో, ఎవరు చెల్లించారో మనకు పైసలతోసహా తెలుసు. సర్కారుల ధర 1 కోటీ 16 లక్షల 66 వేల 666 రూపాయలు. పుచ్చుకొన్నది ఒక వడ్డీ వ్యాపారి. చెల్లించినది, పదేళ్ళ తరువాత, గుంటూరు రైతు.